బుజ్జిరాకాసిని చంపొద్దు

ఆ అక్కాతమ్ముళ్లిద్దరూ కలిసి ఒక బొమ్మల కథ నడిపేవారు. కథ తమ్ముడిది, బొమ్మలు అక్కవి. దర్జీ దుకాణం పైనున్న ఒక్క గదే వాళ్ల ఆఫీసు. కింద కుట్టుమిషన్లు తిరుగుతున్నంతసేపూ పైన బల్ల వణుకుతూ ఉంటుంది కాబట్టి, కళ్లూ కనుబొమలూ లాంటి సన్న పనులన్నీ అక్క దర్జీలు భోజనానికి లేచినప్పుడే చేసుకునేది.

పొగమంచు రాజ్యపు సేనాని ఒకామె, పోయిన కిరీటాన్ని వెతుక్కుంటూ బయలుదేరడం ఆ కథ. నెలకో సంచిక. ప్రతి సంచికా ఒక మలుపు దగ్గర ఆగి, రెండు దారులు చూపించి, ‘ఎటు పోవాలో మీరే చెప్పండి’ అంటుంది. పాఠకులు ఫోన్లో ఓటేస్తారు. ఎక్కువమంది ఎటంటే కథ అటు. ఈ ఏర్పాటు తమ్ముడి బుర్రలో పుట్టిందే. అయితే అతను ముగింపు దాకా కథంతా ముందే రాసి పెట్టుకున్నాడు. ఓట్లు ఎటు పడినా, నాలుగు పేజీలు అటూ ఇటూ తిప్పి మళ్లీ తన దారికే తెచ్చుకోవచ్చని ధీమా.

ఆ ధీమాకు ఒక రాకాసి గండి కొట్టింది. అది మొదటి సంచికలో వంతెన కింద కాపురముండే రాకాసి. సేనాని కత్తికి బలైపోవడమే దాని పని. అక్క దానికి పెద్ద కోరలు, పిల్లి చెవులు గీసి, చేతిలో ఒక చిరుగుల గొడుగు పెట్టింది.

“రాకాసికి గొడుగెందుకక్కా?”

“వంతెన కారుతుందిరా.”

ఆ నెల ‘పోరాడాలా, పలకరించాలా?’ అని అడిగితే పాఠకులు ఒక్క గొంతుతో పలకరించమన్నారు. మరుసటి నెల వెంట తీసుకుపొమ్మన్నారు. ఆ తర్వాత బుజ్జిరాకాసి అని పేరు కూడా పెట్టేశారు. కొన్నాళ్లకు సేనాని గురించి అడిగే నాథుడే లేకుండా పోయాడు.

“ఏకు మేకై కూర్చుందక్కా ఇది! దీన్ని ఇక్కడితో వదిలించుకోవాలి,” అన్నాడు తమ్ముడు. ఆ నెల ప్రశ్న ఇలా తయారుచేశాడు: ‘బుజ్జిరాకాసి మంటల్లో దూకి సేనానిని కాపాడి ప్రాణం విడవాలా? శత్రువులతో పోరాడుతూ నేలకొరగాలా?’

అక్క అది చదివి కుంచె పక్కన పెట్టింది. “ఎటు చూసినా చచ్చేది అదే కదరా!”

“ఎలా చావాలన్నది వాళ్ల ఇష్టానికే వదిలానుగా.”

సంచిక బయటికొచ్చింది. ఓట్లు పడలేదు, తిట్లు పడ్డాయి. ‘ఆ మాట రాయడానికి చేతులెలా వచ్చాయండీ?’ అని ఒకరు. ‘డెబ్బై దాటినవాణ్ణి, నాకు బీపీ ఉంది, ఇలాంటివి చూపించకండి’ అని ఇంకొకరు. ఎప్పుడూ ఫోన్ చేయని అత్తగారు కూడా ఫోన్ చేసింది.

“అల్లుడుగారూ, మీ కథల్లో నేనెప్పుడూ వేలు పెట్టలేదు. కానీ ఆ పిల్లదాన్ని మాత్రం ఏమీ చేయకండి.”

“పిల్లది కాదండీ, రాకాసి.”

“ఏదైతేనేం, కన్నది మీరేగా!”

మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు ఆ వారమే అతనికి దవడపన్ను నొప్పి పట్టుకుంది. పంటి డాక్టరమ్మ కుర్చీ వెనక్కి వాల్చి, చెంపకు మత్తు సూది వేసి, దూది కుక్కి, దీపం ముఖం మీదికి లాగింది. అప్పుడు అడిగింది: “బుజ్జిరాకాసి కథ రాసేది మీరేనట?”

అతను “ఆఁ” అన్నాడు గర్వంగా.

“ముందు నుయ్యి, వెనక గొయ్యి పెట్టి, ఎటు దూకుతావంటే అది అడగడమెలా అవుతుందండీ?”

“ఆఁ... ఆఁ...”

“కదలకండి. నేనూ ఇక్కడ అడుగుతాను, పన్ను పీకనా, ఉంచనా అని. రెండూ కుదిరినప్పుడే అడుగుతాను. పీకక తప్పదంటే ఆ మాటే చెప్పేస్తాను. అంతేగానీ, కుడిచేత్తో పీకనా, ఎడంచేత్తో పీకనా అని అడగను. దాన్ని చంపాలని ఉంటే చంపేయండి. ఏడుస్తాం, చదువుతాం. అడిగినట్టు నటించకండి. ఉమ్మండి.”

అతను ఉమ్మాడు. పన్ను పీకే పని పడలేదు, కొంచెం తొలిచి పూడ్చింది. కానీ వాచిన చెంపతో మెట్లెక్కుతున్నప్పుడు అతనికి నొప్పి పంట్లో లేదు.

“అది బతికితే తరవాత ఏమవుతుందో నాకు తెలీదక్కా,” అన్నాడు ముద్దమాటలతో. “రాసుకున్నదంతా అది పోయినట్టే రాసుకున్నాను.”

“తెలీకపోతే ఏమైందిరా? చదివేవాళ్లకి మాత్రం తెలుసా?”

ఈలోగా వాళ్ల సంచికలు అమ్మే పుస్తకాల షాపాయన కబురు పంపాడు. “కొనేవాళ్ల కంటే మీ మీద ఫిర్యాదులు చెప్పేవాళ్లే ఎక్కువయ్యారు. ఆదివారం వచ్చి మీ గొడవ మీరే తేల్చుకోండి.”

ఆదివారం వెళ్లేసరికి అరలు గోడకు జరిపి ఉన్నాయి. స్టూళ్ల మీద, పుస్తకాల కట్టల మీద జనం. డాక్టరమ్మ ముందు వరసలోనే ఉంది. తమ్ముడు లేచి గొంతు సవరించుకున్నాడు.

“నేను వేసింది దొంగ ప్రశ్న. దాన్ని కొట్టేస్తున్నాను. బుజ్జిరాకాసి మంటల ముందు నిలబడి ఉంది. ఏం చేస్తుందో నిజంగా నాకూ తెలీదు. మీరు చెప్పండి.”

అందరూ ఒక్కసారే మాట్లాడారు. అక్క ఒక పెద్ద కాగితం అర పక్కన అంటించి, వినబడ్డదల్లా గీయసాగింది. రెక్కలు మొలుస్తాయి అన్నారొకరు. “అంత తేలిగ్గానా?” అని మిగతావాళ్లు కొట్టిపారేశారు. వాన పిలుస్తుంది అన్నారు. పాట పాడుతుంది అన్నారు. చివరికి ఆ బీపీ తాతగారు చెయ్యెత్తాడు.

“మంటలు చూస్తే ఎవరైనా ఏం చేస్తారయ్యా? పారిపోతారు. నేనైతే పారిపోతాను.”

షాపు రెండు ముక్కలైంది. “మా బుజ్జి పారిపోవడమేంటి!” అని డాక్టరమ్మ లేచి నిలబడింది. “భయపడితే ప్రేమ లేనట్టా?” అని వెనకనించి ఎవరో అరిచారు. అక్క కాగితం మీద బుజ్జిరాకాసి చెవులు వెనక్కి పెట్టి పరుగు లంకించుకుంది.

ఆ పరుగు చూస్తూ తమ్ముడు తనకు తెలియకుండానే స్టూలు తాతగారి పక్కకు లాక్కున్నాడు. “పారిపోతే సేనాని ఏమవుతుందండీ? తర్వాత?”

“అది నాకేం తెలుసు బాబూ? రాసేది నువ్వు!”

అందరూ ఘొల్లుమన్నారు. అందరికంటే గట్టిగా తమ్ముడే నవ్వాడు.

ఆ రోజు ఇంటికెళ్లి తన పాత ముగింపు చదువుకున్నాడు. బాగానే ఉందనిపించింది. మడిచి బీరువా మీద పడేశాడు. మరుసటి సంచికలో బుజ్జిరాకాసి నిజంగానే పారిపోయింది. కాలిన చేతులతో ఎలాగో బయటపడ్డ సేనాని, అడవి అంచున నిలబడి దాని అడుగుజాడలకేసి చూస్తోంది. ‘వెతకాలా, వదిలేయాలా?’

ఈసారి ఓట్లూ పడ్డాయి, తిట్లూ పడ్డాయి. ‘అడక్కుండా మీరే చెప్పొచ్చుగా, తేల్చుకోలేక చస్తున్నాం’ అని కూడా కొందరు రాశారు. అత్తగారు ఫోన్ చేసి, వెతక్కపోతే ఇంటికి రానని బెదిరించింది. తమ్ముడు ఆ రోజంతా గదిలో పచార్లు చేసి, చివరికి తనూ ఫోన్ తీసి, ‘వదిలేయాలి’ మీద నొక్కాడు.

ఓడిపోయాడు.

“గీయనా మరి, వెతుకుతున్నట్టు?” అంది అక్క.

“గీయక్కా, తొందరగా గీయి,” అంటూ బల్ల పక్కకు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.