సోలాపూర్ చుక్క

"ఇయ్యాల గూడ చుక్క లేదు. పిల్లకు ఏమన్నైందో ఏమో."

సుమిత్రమ్మ పైకే అనేసింది. ముందుగదిలో కంప్యూటర్ మీద ఆమె బ్లాగు తెరిచి ఉంది. దాని పక్కన చిన్న ప్రపంచ పటం. ఎవరు ఏ ఊరి నుంచి చదివితే ఆ ఊరి మీద ఎర్ర చుక్క పడుతుంది. ఎవరైనా ఉచితంగా తెచ్చి పెట్టుకోగల పటమే. సోలాపూర్ మీద దాదాపు రోజూ ఒక చుక్క పడేది. బతుకమ్మ పండుగ దాటినప్పటి నుంచి పడటం లేదు.

పేపర్ చాటు నుంచి భర్త ఆత్మారాం అన్నాడు: "పొద్దుగాల్నే చుక్కలు సూసుడేంది? తునికాకు తడిపినవా?"

"తడిపిన."

"మరి చేట ముంగట కూసో. బీడీలు చేసేదానికి బ్లాగట!"

ఆ మాట కొత్తది కాదు. ఆకు కత్తిరిస్తూ తంబాకు నింపుతూ దాన్ని మింగడం ఆమెకు అలవాటే. మింగలేనిది వేరే ఉంది. కూతురు స్వరూప మరమగ్గాల మెకానిక్‌ను చేసుకుని సోలాపూర్ వెళ్లిపోయింది. కులం వేరు. ఆత్మారాం ఇంటి ఫోన్ నంబర్ మార్పించి, "ఆ పేరు ఈ ఇంట్ల తీస్తే నా పీనుగను సూస్తవ్" అన్నాడు. అప్పటి నుంచి కన్నబిడ్డ పేరు గోడకు కూడా చెప్పుకోలేదు సుమిత్రమ్మ. మిగిలింది ఈ బ్లాగే. ఇంట్లో ఉన్నప్పుడు స్వరూపే పక్కన కూర్చుని తెరిచిపెట్టింది. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగులో పడే పెట్టె చూపించింది. ఏడో తరగతి చదువుకు అది చాలింది. మెయిలు మాత్రం ఆత్మారాందే పెట్టారు. రేషన్ కార్డు ఆయన పేరు మీద, గ్యాస్ బుక్కు ఆయన పేరు మీద. మెయిలు కూడా ఇంటికొకటి ఉంటే చాలనుకున్నారు, తల్లీకూతుళ్లిద్దరూ.

పిల్ల పోయాక మిగతావన్నీ తనే నేర్చుకుంది. ఫోటో బరువు తగ్గిస్తే నెమ్మది లైను మీద కూడా ఎక్కుతుందని, అక్షరాలు డబ్బాల్లా కనిపిస్తే ఏది మార్చాలో, ఈ పటం ఎలా అతికించాలో, అన్నీ రాధాకుమారి బ్లాగు చదివి. రాధాకుమారిది బోధన్ దగ్గరి క్యాంపు. కోస్తా నుంచి వచ్చి కాలువ కింద చెరకు పండించే ఇల్లు. ఒకరి ముఖం ఒకరు చూడలేదు, ఫోన్‌లోనే అక్కాచెల్లెళ్లు.

సుమిత్రమ్మ రాసేది గిన్నె అడుగున బియ్యప్పిండి ఒత్తి కాల్చే సర్వపిండి గురించి, పచ్చళ్ల గురించి, ఎండాకాలం తునికాకు పెళుసెక్కకుండా చూసుకోవడం గురించి. ఏది రాసినా ఒక్కరికే రాసేది. 'మంట పెద్దగ పెట్టొద్దు, చెయ్యి కాలుతది' అని రాస్తే అది లోకానికి చెప్పింది కాదు. ఒక్కరూ జవాబు రాయలేదు. "నీ రాతలు ఎవడు సదువుతడే?" అని నవ్వేవాడు ఆత్మారాం. నిజమే అనుకుంది. జవాబు లేకున్నా చుక్క ఉండేది. చుక్క ఉందంటే బిడ్డ బతికి ఉందని. ఇప్పుడు చుక్క లేదు, కళ్లు మూస్తే కిరోసిన్ స్టవ్వు, మగ్గం బెల్టులో చిక్కిన కొంగు, రైలు పట్టాలు.

ఆత్మారాం బీమా పాలసీల పని మీద జక్రాన్‌పల్లి బస్సెక్కగానే రాధాకుమారికి ఫోన్ చేసింది.

"అక్కా, కంగారు పడకండి. ఆ పటం ఒక్కోసారి మొరాయిస్తుందండీ," అంది రాధాకుమారి. "అవునూ, మీ బ్లాగులో నేను రెండుసార్లు వ్యాఖ్య రాశాను. కనపడనే లేదేంటండీ?"

"నువ్వు రాసినవా? నాకేం రాలే గదా చెల్లె!"

"అయితే మీరు ఒప్పుకుంటేనే బయటపడేట్టు పెట్టి ఉంటారెవరో. సెట్టింగులు తెరవండి. నేను లైన్లోనే ఉంటాను."

తెరిచింది. అనుమతి కోసం ఆగిన వ్యాఖ్యలు వరుసగా ఉన్నాయి. రాధాకుమారివి పైన. కింద అన్నీ 'అజ్ఞాత', అన్నీ స్వరూప అమ్మను పిలిచే 'అవ్వా' అన్న పిలుపుతోనే.

'అవ్వా, నువ్వు రాసినట్టే సర్వపిండి చేసిన. మొదటిది మంచిగనే వస్తది, రెండోది అడుగు మాడుతున్నది. ఏం జెయ్యాలె?'

'అవ్వా, బిడ్డ పుట్టింది. ఆడపిల్ల. మూతి నీదే.'

'అవ్వా, బిడ్డ నడక నేర్చింది. ఒక్క మాట రాయి. తిట్టినా సరే.'

చివరిది బతుకమ్మ నాటిది. 'నీకు గూడ నేను అక్కెర లేదని సమజైంది. ఇగ రాను.'

"అక్కా? ఉన్నారా?" రాధాకుమారి పిలుస్తూనే ఉంది.

పిల్లకు ఏదో అయిందని ఇన్నాళ్లూ భయపడింది. పిల్లను దూరం చేసింది తన మౌనమే. తనకు తెలియకుండా తన నోటికి వేసిన తాళం. వ్యాఖ్య వచ్చినప్పుడల్లా ఆ కబురు ఇంటికున్న ఒకే మెయిలుకు చేరుతుంది. రోజూ పేపర్ తర్వాత ఆయన తెరిచే మెయిలు. మనవరాలు పుట్టిందని చదివి, మెయిలు మూసి, చాయ్ అడిగాడన్నమాట.

సాయంత్రం అన్నం వడ్డించి ఎదురుగా కూర్చుంది.

"స్వరూపకు బిడ్డ పుట్టిందని నీకు ఎర్కేనా?"

ఆ ఇంట్లో ఆ పేరు ఎన్నాళ్లకో వినపడింది. ఆత్మారాం ముద్ద కలుపుతూనే ఉన్నాడు. ముద్ద నోట్లో పెట్టుకుని అన్నాడు:

"కూరల ఉప్పు తక్కువైంది."

సుమిత్రమ్మ లేచింది. ఉప్పు డబ్బా తెచ్చి ఆయన ముందు పెట్టి, ముందుగదిలోకి నడిచింది. రాధాకుమారి చెప్పినట్టు తన పేరున ఉచిత మెయిలు తెరిచింది. బ్లాగును దాని కిందికి మార్చింది. ఆగిన వ్యాఖ్యలన్నిటినీ, 'ఇగ రాను' అన్నదాన్ని కూడా, లోకం చూసేట్టు విడుదల చేసింది.

వెనక నిలబడి ఆత్మారాం అన్నాడు: "కులపోళ్లు సదువుతరే!"

"నా రాతలు ఎవడు సదువుతడన్నవ్ గదా."

మొదటి ప్రశ్న కింద జవాబు కొట్టింది. 'స్వరూపా, నీ రాతలు నాకు ఇయ్యాలనే కనవడ్డయి. మొదటిది తీసినంక గిన్నె బోర్లించి నీళ్లు పొయ్యాలె. పూర్తిగ చల్లారినంకనే రెండోది ఒత్తాలె. తొందరవడితే మాడుతది. —మీ అవ్వ, సుమిత్రమ్మ.'

చుక్క పడలేదు. మర్నాడూ లేదు. ఆత్మారాం ఆమెతో మాట్లాడటం మానేశాడు. ఆ మౌనం ఆమెకు వినపడనే లేదు. ఆమె చెవులు వేరేచోట ఉన్నాయి. ఆలస్యమైందేమో, ఇల్లు మారారేమో, నమ్మలేదేమో. ఆకు తడిపేది, బీడీలు చుట్టేది, లేచి చూసేది. చెరకు బండ్లు రోడ్డెక్కాయి. చలి ముదిరింది. బండ్లు తగ్గాయి.

ఒక పొద్దున, ఆత్మారాం చాయ్ కోసం కేకేస్తుండగా, పటంలో సోలాపూర్ మీద ఎర్రగా మెరిసింది. జవాబు కింద ఒక వ్యాఖ్య. ఈసారి 'అజ్ఞాత' కాదు. స్వరూప.

'గిన్నె చల్లార్చిన అవ్వా. రెండోది మాడలే. బిడ్డ సగం తిన్నది.'