నిలబెట్టిన సరుకు

మా అన్నయ్యకి నా మీద కోపం వైన్ వల్ల రాలేదు. అది అంతకుముందే ఉంది. వైన్ దానికొక సాకు ఇచ్చింది, అంతే.

మా ఇద్దరిదీ వంటనూనె టోకు దుకాణం. ముందు కౌంటర్, మధ్యలో డబ్బాల గోదాం, వెనక, పక్కరోడ్డు వైపు పడమటి కిటికీ ఉన్న చిన్న గది. వ్యాపారంలో చెరి సగం. అమ్మడం అన్నయ్య పని, కొనడం నా పని. చుక్క నూనె అరచేతిలో వేసి రుద్ది వాసన చూస్తే, అది ఎంత త్వరగా కనరెక్కుతుందో చెప్పగలను. ఈ ముక్కు వల్ల వచ్చిన లాభంలో సగం అన్నయ్యది. దానివల్ల వచ్చిన పేరు మాత్రం మొత్తం నాకే వదిలేశాడు. ముక్కుగాడు.

"ముక్కుగాడు వస్తున్నాడు, కాస్త దారివ్వండి" అని కొనడానికి వచ్చినవాళ్ల ముందే అనేవాడు. వాళ్లు నవ్వేవాళ్లు. నవ్వారు కదా అని ధర మాత్రం తగ్గించేవాడు కాదు. వ్యాపారిగా అది మెచ్చుకోవాలి.

మేము నూనె వేసే రెస్టారెంట్లలో ఒకదాని యజమానురాలిని అందరూ కొలతల మేడమ్ అంటారు. డబ్బా దింపగానే మూత తీయించి, గరిటెతో కొలిచి గానీ సంతకం పెట్టదు. ఆమె ఒకసారి వంటింటి గుమ్మంలో నన్ను ఆపి చేతికి వైన్ గ్లాసు ఇచ్చింది.

"మీది మంచి ముక్కు అంటారు. దీని సంగతేంటో చెప్పండి. కస్టమర్ వెనక్కి పంపాడు, మా వాళ్లేమో బాగానే ఉందంటున్నారు."

వాసన చూశాను. "తడిసిన అట్టపెట్టె వాసన. కస్టమర్ది తప్పు లేదు."

ఆమె వంటవాళ్ల వైపు ఒక చూపు చూసి, మరో సీసా తెరిచి పోసింది. "ఇది తాగండి. దానికీ దీనికీ తేడా తెలుస్తుంది."

తెలిసింది. మొదట నాలుక చివర పులుపు, తర్వాత దానిమ్మ గింజల మధ్య పొర నమిలినట్టు వగరు. మింగేశాక అప్పుడే చెక్కిన పెన్సిల్ వాసన ఒకటి ముక్కులోకి ఎదురెక్కి వచ్చింది. ఖాళీ గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ఇన్నేళ్లూ పాడైన సరుకు పట్టుకోవడానికే వాడిన ముక్కు, బాగున్నదాని కోసం పనిచేయడం అదే మొదలు. బాగుందని నూనెను ఎవరూ మళ్లీ వాసన చూడరు. ఇది అలా కాదు. తాగడం అయిపోయాక కూడా నోట్లో మిగిలేదానికే మనిషి మళ్లీ వస్తాడు. అలాంటి సరుకు అమ్మాలనిపించింది.

తర్వాత ద్రాక్షతోటల చుట్టూ తిరిగాను. తాగి నేర్చుకున్నాను, ఉమ్మేసి నేర్చుకున్నాను. నా సొంత డబ్బుతో సీసాలు తెచ్చి వెనక గదిలో పెట్టాను. గది దుకాణానిది కాబట్టి అన్నయ్య షరతు పెట్టాడు.

"ఎండాకాలం అయ్యేదాకా ఉంచుకో. ఆ కొలతలావిడ నీ సారా కొంటే గది వాడుకో. కొనలేదా, ఆ సీసాలు ఎవడికైనా కట్టబెట్టేసి, కౌంటర్ దగ్గర నేను చెప్పినట్టు కూర్చుంటావు. సారా కొనడం, తోటలు తిరగడం బంద్."

ఒప్పుకున్నాను. గది తాళంచెవి మాత్రం ఆయన నడుముకే ఉండిపోయింది.

మా టోకు వ్యాపారంలో ఒక మాట ఉంది. అమ్ముడుపోకుండా ఉండిపోతే సరుకు పడుకుంది అంటాం. అన్నయ్యకి ఆ మాట పడదు. నూనె డబ్బా ఎప్పుడూ నిలబడే ఉండాలి, దాని మీది పేరు రోడ్డుకి కనపడాలి. అలాంటి మనిషి నేను సీసాలు అడ్డంగా పేర్చడం చూశాడు.

"ఏరా, బోణీ కాకముందే పడుకోబెట్టేశావా?"

"అలా ఉంటేనే బిరడా తడిగా ఉంటుంది అన్నయ్యా. నిలబెడితే ఎండిపోయి కుంచించుకుపోతుంది. గాలి దూరితే వైన్ పోయినట్టే. ఎండ తగిలితే ఇంకా తొందరగా పోతుంది."

"బిరడాలు తడపడానికా మనం కొట్టు పెట్టింది?"

అన్నాడే గానీ చెప్పిందంతా విన్నాడు. మధ్యలో మాట తుంచకుండా అన్నయ్య నా మాట వినడం అరుదు. నేనప్పుడే అనుమానపడాల్సింది.

ఎండాకాలమంతా తోటల్లోనే ఉన్నాను. నూనె శాంపిళ్లు అక్కడికే తెప్పించుకుని చూసేవాణ్ని. కొలతల మేడమ్ రుచి చూడటానికి వస్తానన్న రోజుకి ముందు సాయంత్రం తిరిగొచ్చి గది తెరవమన్నాను. "తాళంచెవి ఇంట్లో మర్చిపోయాన్రా" అన్నాడు. మర్నాడు ఆమె వచ్చి నిలబడ్డాక నడుము నుంచి తీశాడు.

సీసాలన్నీ నిటారుగా నిలబడి ఉన్నాయి. కిటికీ దగ్గర బల్లలు వేసి, పేర్లు రోడ్డుకి కనపడేలా వరసలు తీర్చాడు. దుమ్ము కూడా తుడిపించాడు. గది పొయ్యిలా ఉంది.

ఒకటి తెరిచాను. బిరడా సగంలో విరిగి పొడిపొడిగా లోపలికి రాలింది. గ్లాసులో తుప్పు రంగు. ఉడికిపోయిన పండు వాసన, దాని వెనకే వెనిగర్. రెండోది తెరిచాను. అదీ అంతే.

"పొయ్యరా, మేడమ్ గారు ఎంతసేపని నిలబడతారు?" అన్నాడు అన్నయ్య.

గ్లాసు కింద పెట్టాను. "ఇది అమ్మను మేడమ్. పాడైపోయింది."

ఆమె కిటికీని, సీసాలను చూసింది. "వీటిని ఎవరు నిలబెట్టారు?"

"నేనే. పడుకున్న సరుకు నా కొట్లో ఉండదండి."

"పాడవుతుందని మీకు ఎవరూ చెప్పలేదా?"

"చెప్పాడు. మావాడు చాలా చెప్తుంటాడు. అన్నీ పట్టించుకుంటే కొట్టు నడవద్దూ?"

ఆమె నా వైపు తిరిగింది. "మీరు తెచ్చే సరుకు మీద నాకు నమ్మకం ఉంది. ఈ గది మీద లేదు. తాళం మీ చేతికి వస్తే నాకు కబురు చెయ్యండి. ఈయన చేతిలో ఉన్నన్నాళ్లు నాకొద్దు."

"సరిపోయింది. ఆవిడ కొనలేదు" అన్నాడు అన్నయ్య. "రేపు పొద్దున్నే వచ్చి కౌంటర్లో కూర్చో."

కావాలనే చేశావు అనొచ్చు. అంటే నవ్వుతాడు, ఆ నవ్వు కోసమే ఎండాకాలమంతా కాచుకుని ఉన్నాడు. అందుకని బేరం పెట్టాను.

"ఈ గది నాకు రాసిచ్చెయ్యి."

"ఊరికేనా?"

"నూనె వ్యాపారంలో నా సగం తీసుకో."

అన్నయ్య నా మొహం చూశాడు, తర్వాత మేడమ్‌ని చూశాడు. మోసం ఎక్కడుందో వెతుకుతున్నాడు. నా సగంతో ఇలాంటి గదులు ఎన్నో వస్తాయి. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"ఈ కుళ్లు సీసాలతో సహానా?"

"సహా."

"మళ్లీ మాట మార్చవుగా?"

"ఆవిడ వింటోంది కదా. కావాలంటే ఇప్పుడే రాసుకుందాం."

ఆలస్యం చేస్తే నాకు బుద్ధి వస్తుందని భయం కాబోలు, కాగితం ఆయనే తెచ్చాడు. ఇద్దరం సంతకాలు చేశాం. సాక్షిగా మేడమ్ చేసింది, మొత్తం చదివాకే. తాళంచెవి నా చేతికి ఇవ్వకుండా బల్ల మీద పడేశాడు. గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. లెక్కలో ఏదో తేడా కొట్టింది.

"నూనె కొనడానికి మాత్రం నువ్వే వెళ్తావుగా తమ్ముడూ?"

"వెళ్లను."

"అంటే? రేపు కంపెనీవాళ్లు శాంపిళ్లు తెస్తే చూసేదెవరు?"

"వ్యాపారం నీది. నువ్వే చూసుకో."

"మనలో మనకి పంతాలేంట్రా? వాళ్లు ఏది పోస్తే అది తీసుకోమంటావా?"

పాడైన సీసాలు ఒక్కొక్కటే తెరిచి పెరట్లో కాలవలోకి వంపడం మొదలుపెట్టాను. పుల్లటి వాసన కౌంటర్ దాకా పాకింది. నూనె కొనడానికి వచ్చినవాళ్లు ముక్కు మూసుకుని, ఇదేం కంపని అన్నయ్యని అడుగుతున్నారు. ఆయన ఏదో సర్దిచెబుతున్నాడు. నేను తొందరపడలేదు.

గది ఖాళీ అయ్యాక కిటికీకి లోపల్నించి చెక్క కొట్టించాను. తోట నుంచి తెచ్చిన కొత్త సీసా తడి గోనె చుట్టి బండిలో ఉంది. తెచ్చి తెరిచాను. కబురు చేస్తే మళ్లీ వచ్చిన మేడమ్‌కి ఒక గ్లాసు, నాకొకటి. ఆమె ఒక గుక్క తాగి, ఎన్ని పెట్టెలు కావాలో చెప్పి వెళ్లిపోయింది.

పెట్టె మీద కూర్చుని నా గ్లాసు మెల్లగా తాగాను. చాలా బాగుంది. గుమ్మంలో నిలబడి చూస్తున్న అన్నయ్యకి పొయ్యలేదు.