ములుకు లేని పెన్సిలు

నాలుగో స్క్రూను వేలితో తడిమి బిగించాడు నెమెస్యో. కంటితో చూసి బిగించడం మానేసి ఆర్నెల్లయింది. కుడికంట్లో శుక్లం, ఎడమకన్నూ దాని బాటే పట్టింది. గిల్‌మోర్ వీధిలో ఇరవై మూడేళ్లుగా కంప్యూటర్లు కూర్చి పెడుతున్న మనిషి కళ్లు పోతున్నాయని చెప్పుకుంటాడా? చెప్పలేదు. కొట్టు యజమానురాలు విర్జీతో, రేపటి నుంచి రెండు వారాలు చెల్లెలి ఊరు వెళ్తానని మాత్రం అన్నాడు. అతను సన్నటి మనిషి. గోళ్ల సందుల్లో, ప్రాసెసరుకి ఫ్యానుని అంటించే బూడిదరంగు పేస్టు ఎంత కడిగినా పోదు.

హెల్మెట్ చంకలో పెట్టుకుని ఒకమ్మాయి వచ్చి బిస్కెట్ డబ్బా బల్లమీద పెట్టింది. పేరు వెల్డా. డబ్బాలో చేతిరుమాలు, అందులో ఫ్యాను, ఫ్యానుకి అంటుకుని ప్రాసెసరు.

"బాస్, ఫ్యాను మారుద్దామని లాగాను. ఇది కూడా ఊడొచ్చేసింది."

"కాసేపు కంప్యూటర్ నడిపించి, వేడెక్కాక మెల్లగా తిప్పి తీయాలమ్మాయీ. చల్లగా ఉన్నప్పుడు లాగితే పన్ను ఊడినట్టు ఊడొస్తుంది."

"వీడియోలో అలా చెప్పలేదు."

"వీడియోవాడిదేం పోయింది, వస్తువు నీదైతే!"

నెలకో భాగం చొప్పున కొంటూ ఎనిమిది నెలలు పట్టిందట ఆ పిల్లకి. రేపు పొద్దున తొమ్మిదింటికి ఇంటి నుంచే చేసే ఉద్యోగానికి పరీక్ష. పాత కంప్యూటరు రెండు పనులు ఒకేసారి చెప్తే మొరాయిస్తుంది. ఈ ప్రాసెసరు పోతే ఉద్యోగమూ పోయినట్టే.

నెమెస్యో దాన్ని మెల్లగా విడదీసి వెలుతురుకి పెట్టాడు. వెయ్యికి పైగా వెంట్రుకల్లాంటి కాళ్లు. లాగినప్పుడు ఏవి వంగాయో తెలీకుండా అతనికి మాత్రం పసుప్పచ్చని మసకే కనిపించింది. ఈ మధ్య ఇలాంటివి తెచ్చిన ఇద్దరికి "ఇక పనికిరాదు, కొత్తది కొనుక్కో" అని అబద్ధం చెప్పి పంపేశాడు. సిగ్గులేని పని. ఇప్పుడూ ఆ మాటే గొంతుదాకా వచ్చింది. ఆ పిల్ల అప్పుడే మొహం వేలాడేసి రుమాలు మడవబోతోంది.

"అమ్మాయీ, నాకు కనపడదు," అన్నాడు.

గల్లా దగ్గర విర్జీ చేతిలో బిల్లు పుస్తకం ఆగిపోయింది.

"చెయ్యి బాగానే ఉంది. కళ్లే లేవు. నీ ఫోన్ కెమెరాలో పెద్దది చేసి చూడు. ఏది ఎటు వంగిందో నువ్వు చెప్పు."

జేబులోంచి పెన్‌పెన్సిల్ తీశాడు. అందులో ములుకు ఉండదు, ఎప్పుడూ లేదు. బోలుగా ఉన్న ఆ ముక్కులోకి వంగిన కాలును దూర్చి, నిమ్మళంగా నిలబెట్టాలి.

"కుడికి... ఇంకొంచెం... ఎక్కువైంది మాంగ్, వెనక్కి! ఆఁ, చాలు చాలు!" బాస్ పోయి, పెద్దవాళ్లని పిలిచే 'మాంగ్' వచ్చేసింది ఆ పిల్ల నోట.

"జీప్‌నీ బస్సుని వెనక్కి తీయిస్తున్నట్టు అరవకే తల్లీ."

"ఊపిరి బిగపట్టండి!"

"ఈ వయసులో బిగపడితే తిరిగి రాదు. నువ్వే పట్టు."

ఏడు కాళ్లు. ఏడోది నిలబడ్డాక ప్రాసెసరు నొక్కకుండానే తన బరువుకి తనే కొట్టులోని బోర్డు గూట్లో కూర్చుంది. ఫ్యాను తిరిగింది. తెరమీద అక్షరాలు వచ్చాయి. వెల్డా శిలువ గుర్తు వేసుకుని, స్టూలు మీద కూలబడి పకపకా నవ్వింది. నెమెస్యోకి గుండెల మీది బండ దిగినట్టయింది. కంప్యూటరు వెలిగినందుకు కాదు. కనపడదన్న మాట అనేశాడు, అన్నా కొట్టు కప్పు కూలలేదు.

ప్రాసెసరు మళ్లీ డబ్బాలో పెట్టుకుని పిల్ల వెళ్లాక విర్జీ అంది: "ఆర్నెల్లుగా స్క్రూలు తడుముతుంటే నాకు తెలీదనుకున్నారా మాంగ్? మీ నోటి నుంచే వస్తుందని ఊరుకున్నా."

"ఆపరేషన్ సోమవారం. చెల్లెలి ఊళ్లోనే."

"తర్వాత?"

"అక్కడే ఉండిపోతా విర్జీ. చాలిక."

విర్జీ తను తినబోతున్న అరటిపండు వేపుడు సగం విరిచి ఇచ్చింది. అది తింటూనే అతను జీప్‌నీ ఎక్కేశాడు.

మర్నాడు పది దాటాక కొట్టు ఫోను మోగింది. "పరీక్ష అయిపోయింది! కంప్యూటర్ ఒక్కసారి కూడా ఆగలేదని మాంగ్‌కి చెప్పండి," అంది వెల్డా.

విర్జీ అలవాటుగా అతని బల్లవైపు తిరిగింది. ఆకుపచ్చ రబ్బరు చాప మీద, తలదగ్గర పళ్లగాట్లతో, ములుకు లేని పెన్సిలు పడుంది.