ముప్పై ఏడో డిస్కు

తుప్పు మరక సబ్బుకి పోదు. నిమ్మచెక్కకి ఉప్పద్ది రుద్ది, ఎండలో ఆరేయాలి. వారం రోజులుగా నాకు పొద్దున్నే ఇదే పని. అందరి టిఫిన్లూ అయ్యి, మూడు అన్నం డబ్బాలు సర్ది, ఫెర్రీకి పరిగెత్తే ముందు దొరికే పది నిమిషాల్లో నిన్నటి చీర కుచ్చిళ్లు పట్టుకుని పెరట్లో కూర్చుంటున్నాను. మా అత్తగారు గవరమ్మ గుమ్మంలో కాళ్లు చాపుకుని చూస్తూ ఉంటుంది.

"ఏటే పుష్పా, కంపూటర్ ఉజ్జోగమంటే ఫేను కింద కూకోడం అనుకున్నాం. ఇనప సామాన్ల కొట్టున్న నా కొడుకే ఇంత తుప్పు ఇంటికి తేడు."

"ఈ హఫ్తాతో అయిపోద్ది అత్తయ్యా."

"అయితే మంచిదే. చీరలు ఊరికే వొస్తన్నాయేటి?"

ఆవిడ అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. మేముండేది బాంబూఫ్లాట్‌లో, మా ఆఫీసు నీళ్లకి అవతల డెలానీపూర్‌లో. ఆఫీసు వెనక స్టోరురూములో ఇరవై ఏళ్లుగా పాడైన కంప్యూటర్లన్నీ కుప్ప పడి ఉన్నాయి. వెనక బుర్రలున్న పాత మానిటర్లు, మూతల్లేని డబ్బాలు, అక్షరాలు ఊడిపోయిన కీబోర్డులు, చిక్కుపడ్డ వైర్లు. సముద్రం మధ్య ఈ దీవుల్లో ఏదీ ఓ పట్టాన పారేయరు. విడిభాగం కావాలంటే చెన్నై నుంచి ఓడ మీద రావాలి. సముద్రం బాగుంటే నెల, బాగోకపోతే రెండు. అందుకని చచ్చిన మెషీన్ని కూడా దాచుకుని, దాంట్లోది పీకి ఇంకోదానికి తగిలించేవాళ్లం. ఆ పని నాకెవరూ నేర్పలేదు. ఉప్పుగాలికి మెమరీ కార్డుల పళ్లు నల్లబడితే మా అబ్బాయి లోహిత్ పెన్సిల్ రబ్బరు పట్టుకెళ్లి రుద్దేదాన్ని. మళ్లీ లేచి కూర్చునేవి. "పుష్పా దీదీ హాథ్ పెడితే చాలు" అనేవాళ్లు ఆఫీసులో. హాజరు పట్టీలో మాత్రం నేను రోజుకూలీ మజ్దూర్‌ని, చేరిన నాటి నుంచి నేటి దాకా.

ఇప్పుడా కుప్పంతా పనికిరానిదని తేల్చి వేలం వెయ్యమని పైనుంచి ఆర్డరొచ్చింది. లిస్టు రాసే పని నా నెత్తిన పడింది. హార్డ్ డిస్కులు మాత్రం ఊరికే ఇచ్చెయ్యకూడదట. ఒక్కోదాన్నీ తగిలించి, లోపల ఆఫీసు కాగితాలేమైనా ఉన్నాయేమో చూసి, ఆ తర్వాత సుత్తితో పగలగొట్టాలి. స్టోర్‌కీపర్ తాతబ్బాయి భయ్యా లెక్కపెట్టి నా ముందు పోశాడు. యాభై రెండు. ఇంకొకరైతే నెత్తి కొట్టుకునేవాళ్లు. నేను లోపల్లోపల సంతోషించాను. ఎందుకో తెలియాలంటే లోహిత్ పుట్టినప్పటి సంగతి చెప్పాలి.

వాడు రెండువేల తొమ్మిదిలో పుట్టాడు. అప్పటికి నేను ఆఫీసులో చేరి ఐదేళ్లు. రోజుకూలీకి పురిటి సెలవేమిటి గానీ, మూడు నెలలయ్యాక వచ్చెయ్యమని అప్పటి సాబ్ నోటిమాటగా అన్నాడు. రెండు నెలల పిల్లాణ్ని ఒళ్లో వేసుకుని రోజులు లెక్కపెట్టుకుంటుంటే, ఒక సాయంత్రం మా ఆయన తిరుమలరావు ముఖం వేలాడేసుకుని వచ్చారు. "ఆఫీసులో నీ పేరు కొట్టేసేరు పుష్పా. నాను సాబ్ కాళ్లట్టుకున్నాను. ఇన్లేదు" అన్నారు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. అది చూసి నా ఉద్యోగం సంగతి మర్చిపోయి ఆయన్నే ఓదార్చాను. రెండేళ్ల తర్వాత, కొత్త సాబ్ వచ్చాక, కొత్తగా చేరినట్టు మళ్లీ తీసుకున్నారు. అది కూడా తను తిరిగి తిరిగి చేయించిన పనే అన్నారు. పాత సంగతి ఆఫీసులో ఎత్తొద్దన్నారు, ఎత్తితే మళ్లీ పీకేస్తారట. నేను ఎత్తలేదు.

ఆ మాట పద్నాలుగేళ్లు మా ఇంట్లో అన్నంతో పాటు వడ్డించారు. జ్వరంగా ఉంది, ఇవాళ చేపలు మీరే బాగు చేయించుకు రండి అంటే, "నీ ఉజ్జోగం కోసం ఒకడి కాళ్లట్టుకున్నోణ్ని, ఇప్పుడు చేపలు కూడా మొయ్యాలా?" అని నవ్వేవారు. ఆ నవ్వు విని పక్కింటివాళ్లు నా అదృష్టాన్ని మెచ్చుకునేవాళ్లు. ఫెరార్గంజ్‌లో మా అమ్మ మంచాన పడినప్పుడు వారం రోజులు ఉండొస్తానంటే, "నాను బతిమాలి పెట్టించిన ఉజ్జోగం. సెలవలు పెట్టి నా పరువు తియ్యకు" అన్నారు. రెండు రోజులుండి వచ్చేశాను. ఐదో రోజున అమ్మ పోయింది. మా అత్తగారు చుట్టాల ముందు, "మావోడు లేపోతే దీనికి ఉజ్జోగమే లేదు" అంటుంది. అది చాలదన్నట్టు నేను కూడా అనేదాన్ని, అవును, ఆయన చలవే అని.

మొన్నామధ్య ఇంకో ఆర్డరొచ్చింది. చాలా ఏళ్లుగా చేస్తున్న రోజుకూలీల్ని పర్మనెంట్ చేస్తారట. సర్వీసు మధ్యలో తెగకూడదు. తెగినా, అది మన తప్పు కాదని కాగితంతో చూపించుకుంటే కలుపుతారు. ఆ లిస్టులో నా తర్వాత చేరినవాళ్ల పేర్లు కూడా ఉన్నాయి గానీ నా పేరు లేదు. నన్ను తీసేసిన ఆర్డరు ఇప్పించండని అడిగితే, ఆ ఏళ్ల ఫైళ్లు చెదలు తినేశాయన్నారు. కానీ ఆ రోజుల్లో ఆఫీసుకొచ్చిన, పోయిన ప్రతి కాగితాన్నీ స్కాన్ చేసేవాళ్లం. ఆ కాపీ ఈ యాభై రెండింట్లో ఎక్కడో ఉండాలి. అదొక్కటి దొరికితే నలభై మూడేళ్ల వయసులోనైనా నేను మజ్దూర్‌ని కాకుండా పోతాను. వారమంతా ఆ ఆశతోనే తుప్పు పట్టించుకున్నాను.

ఒక్కో డిస్కునీ కేబుల్‌తో తగిలించడం, చెవి దగ్గర పెట్టుకుని వినడం. చాలావాటికి ఉలుకూ పలుకూ లేదు. కొన్ని టక్కుటక్కుమని ఆగిపోయాయి. ఆగినవాటిని తాతబ్బాయి భయ్యా సుత్తితో కొట్టి పక్కన పడేసేవాడు. ముప్పై ఆరు అలా పోయాయి. నిన్న మధ్యాహ్నం ముప్పై ఏడోది ఆగకుండా తిరిగింది. తెర మీద ఫోల్డర్లు వరుసగా వచ్చాయి. రెండువేల తొమ్మిది. అక్టోబర్.

"భయ్యా, మిల్ గయా, దొరికింది!" అని చిన్నపిల్లలా అరిచాను.

అందులో నన్ను తీసేసిన ఆర్డరు లేదు. ఒక అర్జీ ఉంది. ఇంగ్లీషులో టైపు చేసిన నాలుగు లైన్లు. ఇంట్లో పసిబిడ్డ, అత్తగారి బాధ్యత ఉన్నందువల్ల నేను ఇక పనికి రాదలచుకోలేదని, నా ఇష్టప్రకారమే మానుకుంటున్నానని, నా పేరు తీసెయ్యమని. కింద సంతకం. పుష్పావతి అని, గుండ్రంగా, తెలుగులో, కింద ఒక పొడుగాటి గీతతో.

నేను ఇక్కడే పుట్టి హిందీ మీడియంలో చదివినదాన్ని. నా సంతకం ఇవాళ్టికీ హిందీలోనే. తెలుగు మాట్లాడ్డమే తప్ప అప్పటికి అక్షరాలు రావు. లోహిత్‌కి ఐదో ఏడు వచ్చాక వాడికి నేర్పిద్దామని కూర్చుని, వాడితో పాటు నేనూ దిద్దుకున్నాను. ఆ అర్జీ నాటికి వాడికి రెండు నెలలు. అప్పుడు నా పేరు తెలుగులో రాసి చూపిస్తే, అది నా పేరని కూడా నాకు తెలిసేది కాదు. మా ఆయన భీమిలి దగ్గర పుట్టి, అక్కడే చదువుకుని, ఆ తర్వాత దీవులకొచ్చారు. పేరు కింద ఆ పొడుగాటి గీత ఆయన కొట్టు రసీదుల మీద రోజూ చూస్తాను.

ఏడుపొస్తుందనుకున్నాను. రాలేదు. ముందు వచ్చింది ఇంకో ఆలోచన. దొంగసంతకం పెట్టేవాడెవడైనా అసలు సంతకం ఎలా ఉంటుందో ఒకసారి చూసుకుంటాడు కదా. అప్పటికి నాలుగేళ్లు కాపురం చేసిన మనిషి, నేను ఏ లిపిలో రాస్తానో చూడలేదు. చూడాలని తోచలేదు. నా పేరు ఆయన రాస్తే అదే నా సంతకం అనుకున్నారు. అడిగితే నేను ఒప్పుకోనని మాత్రం బాగా తెలుసు. మరి ఆ కళ్లనీళ్లు? అవి ఉత్తవి కావు, నేను తుడిచాను, తడి నా కొంగుకి తగిలింది. ఏ బాధకి ఏడ్చారో ఇప్పటికీ తెలియదు. ఇవన్నీ అనుకుంటుంటే అమ్మ గుర్తొచ్చింది. రెండో రోజు సాయంత్రం నేను సంచి సర్దుకుంటుంటే, "ఇంకొక్క రోజు ఉండకూడదటే" అంది. ఆయన పరువు పోతుందమ్మా అన్నాను. అప్పుడొచ్చింది ఏడుపు. స్టోరురూములో, విరిగిన కీబోర్డుల మధ్య కూర్చుని, చెయ్యి అడ్డం పెట్టుకోకుండా ఏడ్చాను.

తాతబ్బాయి భయ్యా కళ్లజోడు పెట్టుకుని తెర మీదకి వంగాడు. "యే తేరా దస్తఖత్ నహీ హై, ఇది నీ సంతకం కాదు" అన్నాడు.

"కాదు భయ్యా."

"మేమందరం నువ్వే మానేసేవనుకున్నాం. ఘర్ కా మామ్లా గదా, ఇంటి విషయమని అడగలేదు. రెండేళ్లకి మెషీన్లన్నీ బంద్ అయిపోతే, పుష్పాని పిలిపించండి సాబ్ అని నేనే చెప్పేను. మీ ఆయన రెండు సార్లు వొద్దన్నాడు. సాబే గట్టిగా అడిగితే ఒప్పుకున్నాడు."

భయ్యా సుత్తి కింద పెట్టాడు.

"దేఖ్ బెహన్. ఇది పైకి పంపితే నీ రెండేళ్లూ కలుస్తాయి, పక్కా. మగర్ తిరుమలరావు మీద కేసవుద్ది. పంపకపోతే ఇంకో సుత్తి దెబ్బ, ఇదీ కబాడీయే, తుక్కులోకే. కల్ తక్ సోచ్ లో, రేపటి దాకా టైముంది. నేనేం చూడలేదు."

సాయంత్రం ఫెర్రీలో నిలబడే వచ్చాను. కేసంటే పోలీసులు, కొట్టు ముందు జనం, పదో తరగతిలో ఉన్న లోహిత్‌ని బడిలో అడిగే ప్రశ్నలు. ఇంటికొచ్చి బియ్యం కడిగాను. చేపల పులుసు పెట్టాను. ఆయన భోజనానికి కూర్చుని, "ఆ చెత్త వొదిలిందా?" అన్నారు.

"ఇంకా కొంచెం ఉంది." నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఏఁవండీ, నా సంతకం ఎలాగుంటదో మీకు తెలుసా?"

"సంతకానికేటి? నీ పేరే గదా." చేప ముల్లు తీసుకుంటూ అన్నారు. తల ఎత్తలేదు.

ఒక్కసారి తడబడి ఉంటే, చెయ్యి ఆగి ఉంటే, భయపడ్డా సరే, అబద్ధమాడినా సరే, నేనేమైపోయేదాన్నో. బహుశా క్షమించేసేదాన్ని. నాకు అలవాటే కదా. కానీ ఆయన ముఖంలో ఏమీ లేదు. నిజంగానే మర్చిపోయారు. కాళ్లు పట్టుకున్నానని చెప్పుకున్నది పద్నాలుగేళ్లు గుర్తుంది, నా పేరు రాసి నా బతుకు ఆపింది గుర్తు లేదు. "మజ్జిగ పొయ్యే" అంది అత్తగారు. పోశాను.

పర్మనెంట్ అర్జీలకి ఇవాళ ఆఖరు రోజు. ఇలాంటి ఫారాలు ఇదివరకు మూడు నింపాను. పేరు, భర్త పేరు, చేరిన తేదీ, సర్వీసు తెగిన కాలం, తెగడానికి కారణం. మూడింట్లోనూ కారణం గడిలో 'ప్రసవం' అని రాశాను, తప్పంతా నా కడుపుదే అన్నట్టు. ఇవాళ తాతబ్బాయి భయ్యా బల్ల దగ్గరే కూర్చుని నింపాను. ఆయన డిస్కుని గుడ్డతో తుడిచి, కవర్లో పెట్టి నా వైపు జరిపాడు. ఒక్కో గడీ హిందీలో నిదానంగా రాసుకుంటూ వచ్చాను. కారణం గడికి వచ్చాక, పైన భర్త పేరు గడిలో రాసిన పేరే మళ్లీ రాశాను.