బంతి పట్టేంత చిల్లు

నేను ఒక గోల్‌పోస్టు వలని. ఒళ్ళంతా చిల్లులున్న దానికి ఆత్మకథ ఏమిటని మీకు అనిపించొచ్చు. నిజమే. నాలోంచి గాలి పోతుంది, ఇసుక పోతుంది, ఒక్కోసారి పీత కూడా దర్జాగా నడిచి పోతుంది. నా ఉద్యోగమల్లా ఒక్కటే, బంతిని పోనివ్వకపోవడం. కావలసిన రోజున ఆ ఒక్కటీ నాకు చేతకాలేదు.

నన్ను అల్లింది గవ్వలపేట తాతారావు. వేటకెళ్ళే వయసు దాటాక ఊరి ఫుట్‌బాల్ జట్టుకి కోచ్ అయ్యాడు. కొన్న వలలు ఉప్పుగాలికి నిలవడం లేదని, పడవల దగ్గర మిగిలిన నైలాన్ దారంతో నన్ను తయారుచేశాడు. అదే దారంతో పుట్టిన మా అక్కలు సముద్రంలోకి వెళ్ళి కోనాలూ చందువాలూ లాంటి ఖరీదైన చేపలు తెచ్చారు. నేను ఒడ్డునే రెండు ఇనప గొట్టాలకి వేలాడుతూ, నోరు తెరుచుకుని బంతి కోసం ఎదురుచూశాను. ఇంటికి పైసా తేని పిల్లని నేనే.

నా జీవితంలో గొప్ప రోజు ఒకటుంది. కింది డివిజన్ ఆఖరి ఆటలో తాతారావు అల్లుడు, జట్టు కెప్టెన్ నూకరాజు కొట్టిన బంతి నా కుడిపక్క కింది మూలలోకి దూసుకొచ్చింది. ముడులు పటపటా తెగి పక్కన పెద్ద చిల్లు పడింది. బంతి మాత్రం ఆ తెగిన దారాల్లోనే చిక్కుకుని ఆగిపోయింది. గోల్! ఆ ఒక్క గోల్‌తో గవ్వలపేట జిల్లా పై డివిజన్‌కి ఎక్కింది. నన్ను కూడా ముద్దులు పెట్టుకున్నారు. చేపల వాసన వేశాను కాబోలు, ఎవరూ రెండోసారి పెట్టలేదు.

మర్నాడు నూకరాజు భార్య దానమ్మ సూదీ దారం పట్టుకొచ్చింది. ఆవిడ తాతారావు కూతురు. ఊళ్ళో ఆవిడంత చకచకా వల బాగుచేసేవాళ్ళు లేరు.

"ముట్టుకోకే!" అని అరిచాడు తాతారావు. "పెద్ద సేప సింపిన కన్నానికి ఆ ఏడు సూది తగలకూడదు. లచ్చిమొచ్చిన దారి అది."

"వొచ్చిన దారినే ఎల్పోదేటయ్యా?"

"నీకు ఆట తెల్దు, ఊరుకో."

"ఆట తెల్దు గానీ కన్నం తెలుసు" అనుకుంటూ సూది కొప్పులో గుచ్చుకుని వెళ్ళిపోయింది.

అలా, వలలు బాగుచేయడమే బతుకైన ఊళ్ళో, బాగుచేయని వలగా నేను మిగిలాను. కానీ పై డివిజన్లో ఆట ముందు రిఫరీ వచ్చి వల తడిమి చూస్తాడు. దానికి తాతారావు ఒక ఉపాయం కనిపెట్టాడు. రిఫరీ వచ్చేసరికి నీలం దారంతో నా చిల్లు బిగించేసేవాడు. రిఫరీ అటు తిరగ్గానే దారం లాగేసి, తన మణికట్టుకి చుట్టుకునేవాడు. అదృష్టం లోపలికి రావాలంటే తలుపు తెరిచి ఉండాలి కదా.

అదృష్టం రాలేదు. ఎదుటి జట్ల గోల్స్ మాత్రం బారులు తీరి వచ్చాయి. కింది డివిజన్లో నెలకోసారి ఉలిక్కిపడేదాన్ని, ఇక్కడ నాకు కునుకే లేదు. టీకొట్టు దగ్గర ఒకటే చర్చ, కొత్తగా పైకొచ్చిన జట్టు పైన నిలుస్తుందా అని.

"ఎగిరే సేప గాల్లో ఎంతసేపుంటాదిరా?" అనేవాడొకడు.

"ఉన్నంతసేపు అందంగానే ఉంటాది గదా!" అని ఇంకొకడు.

కిందామీదా పడి, ఆఖరి ఆటకి వచ్చేసరికి లెక్క తేలిపోయింది. సొంత మైదానంలో సిటీ ఎలెవన్‌ని గెలిస్తే ఉంటాం, లేకపోతే దిగిపోతాం. నూకరాజుకి మోకాలు అరిగిపోయింది. ఈసారి దిగిపోతే జట్టు మళ్ళీ పైకి ఎక్కేదాకా ఆ మోకాలు ఆగదని ఊరంతటికీ తెలుసు. పై డివిజన్లో అతనింకా ఒక్క గోల్ కూడా కొట్టలేదు.

ఆట చివరికొచ్చేసింది. ఎవరికీ గోల్ లేదు. సిటీ గోలీ నా ముందు చేతులు చాపి నిలబడ్డాడు. నూకరాజు ఆ కుంటి కాలితోనే ఇద్దర్ని తప్పించి, గట్టిగా తన్నాడు. అదే దెబ్బ, అదే కుడిమూల. బంతి గోలీని దాటింది, గీత దాటింది. నేను పట్టుకుందామని ఒళ్ళు బిగించాను. బిగించడానికి అక్కడ ఒళ్ళేదీ? లచ్చిమొచ్చిన దారిలోంచి బంతి హాయిగా బయటికెళ్ళి, పడవల మధ్య ఆగింది.

నేను కదల్లేదు, ఉబ్బలేదు. దూరం నుంచి చూసిన రిఫరీ, బంతి పోస్టు పక్కనుంచి పోయిందనుకుని, గోల్ కాదని సిటీ వాళ్ళకి గోల్ కిక్ ఇచ్చాడు.

"గోలు సార్! ఈ కన్నంలోంచి ఎల్పోనాది, సూడండి!" నూకరాజు నా చిల్లులో తల దూర్చి మరీ చూపించాడు.

"ఆట ముందు నేనే చూశాను కదయ్యా. అప్పుడీ చిల్లు లేదు. ఎప్పుడు పడింది?"

"ఇప్పుడే సార్, బాల్ దెబ్బకి!"

రిఫరీ వంగి, తెగిన కొసలు వేళ్ళతో నలిపాడు. ఎండకి మాడి, ఉప్పు పట్టిన పాత కొసలు. అతని చూపు మెల్లగా తాతారావు మణికట్టు మీదికి వెళ్ళింది.

"అదేమిటి?"

"మొక్కు దారం బాబూ" అన్నాడు తాతారావు. అబద్ధం కూడా కాదు.

రిఫరీ తల అడ్డంగా ఊపాడు. జరిగింది చూసిన ఏకైక సాక్షిని నేను. కానీ అంత చిల్లు పెట్టుకున్న సాక్షి మాట ఎవరు నమ్ముతారు? ఆట గోల్ లేకుండానే ముగిసింది. గవ్వలపేట దిగిపోయింది. పైకెక్కిన జట్లు ఎందుకు నిలవవో టీకొట్టు వాళ్ళు చాలా కారణాలు చెప్పారు. డబ్బు అన్నారు, గడ్డి అన్నారు, గాలి అన్నారు. వల అని మాత్రం ఎవరూ అనలేదు. వలలు బాగుచేసే ఊరు కదా, పరువు.

తాతారావే నన్ను విప్పి, మోసుకొచ్చి, దానమ్మ పెరట్లో పడేశాడు. ఆవిడ నన్ను నాలుగు గుంజలకి కట్టి, సొరపాదు ఎక్కించింది. నూకరాజు మోకాలికి కట్టుతో నా ఎదురుగా మంచమేసుకుని కూర్చునేవాడు. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళం కాదు.

ఒక పొద్దున దానమ్మ కత్తిపీట తీసి, కూరకి కాయ కోయబోయి ఆగిపోయింది.

"ఏటి, ఇలగొచ్చి సూడు."

పందిరి పైనుంచి ఒక సొరకాయ, సరిగ్గా ఆ చిల్లులోంచే దూరి, కిందికి వేలాడుతోంది. బంతంత కాయ. నూకరాజు కుంటుకుంటూ వచ్చాడు.

"ఇలగే! ఇలగే పోనాది! కొయ్యకే, ముందు ఆ రిఫరీని పిలిసి సూపించాల!"

ఆ కేకలకి తాతారావు వచ్చాడు. కాయ చుట్టూ ఒకసారి తిరిగాడు. కూతురి వైపు చూడలేక చూశాడు. మణికట్టుకి ఇంకా ఉన్న నీలం దారం విప్పి, బరువుకి తొడిమ తెగకుండా కాయని నాకు కట్టాడు. తర్వాత రెండడుగులు వెనక్కి వేసి, రిఫరీలా నిటారుగా నిలబడి, చెయ్యెత్తి పెరటి మధ్యకి చూపించాడు.

గోల్.

నూకరాజు పాదులోనే చతికిలబడి, చాలాసేపు నవ్వాడు. కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. నేను కాయని గట్టిగా పట్టుకున్నాను.