తొమ్మిదో కంప్యూటరు

2006 సెప్టెంబరు పన్నెండు, మంగళవారం, ఉదయం ఏడు గంటల ఇరవై నిమిషాలు. అరకులోయలో సన్నటి జల్లు, పంతొమ్మిది డిగ్రీల చలి. మబ్బు బాలికల ఆశ్రమ పాఠశాల పెంకుల దాకా దిగి ఉంది. యోనా తొమ్మిదో కంప్యూటరు మూత విప్పి, లోపలి దుమ్మును పెయింటు బ్రష్షుతో తుడుస్తున్నాడు. మిగతా ఎనిమిదీ అప్పటికే తుడిచేశాడు. అతని పని ప్రతి ఉదయం అలాగే మొదలవుతుంది.

నలభై ఆరేళ్ళ మనిషి. పొట్టి, వంగిన భుజాలు, చూపుడువేలి మీద సోల్డరింగు కాల్చిన మచ్చలు. చిన్నతనంలో వచ్చిన కీళ్ళజ్వరం గుండె కవాటాన్ని దెబ్బతీసింది. బరువు పనులకు పనికిరాడు గనక తండ్రి అతన్ని సీలేరు ప్రాజెక్టు కాలనీలో ఒక రేడియో షాపులో కూర్చోబెట్టాడు. రేడియోలు తెలుసు గనక చర్చి సభల మైకుసెట్టు అతని చేతికి వచ్చింది. ఇరవై ఏళ్ళు లౌడ్‌స్పీకర్ల పక్కన నిలబడ్డాడు గనక చెవులు సగానికి పైగా మొద్దుబారాయి. ఆ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. ధ్వనిని బాగుచేసేవాడి చెవుల గురించి అడగాలని ఎవరికీ తోచలేదు.

కంప్యూటర్లు ముగ్గురు దాతలిచ్చినవి. అందుచేత వాటిని నడిపే వ్యవస్థల్లో మూడు రకాల లినక్స్‌లు ఉన్నాయి. యోనా చేసిన పాఠాల సాఫ్ట్‌వేరు ఒకటే అయినా, కంప్యూటరులో ఎక్కించడానికి ఒక్కో రకానికి ఒక్కో ప్యాకేజీ కట్టాలి. అది ఆధారపడే తోడు ప్రోగ్రాము, అంటే లైబ్రరీ, కూడా అన్నింటా ఒకటే, కానీ కొండ దాటితే అదే దుంపకు మరో పేరున్నట్టు, ఒక లినక్స్‌లో ఉన్న పేరు ఇంకొకదానిలో ఉండదు. పేరు తప్పితే ప్యాకేజీ ఎక్కదు. రెండు నెలలుగా అతను ఆ పేర్లను సరిచూస్తున్నాడు.

పాఠాల్లో గొంతు వంటమనిషి సోములమ్మది. కువి మాట్లాడే ఊళ్ళ నుంచి కొత్తగా వచ్చే పిల్లలకు తెలుగు రాదు. బొమ్మ మీద నొక్కితే దాని పేరు ముందు కువిలో, తరువాత తెలుగులో వినిపించాలి. అలా ఆమె రెండు వందల పదమూడు మాటలు చెప్పింది. ఎనిమిది కంప్యూటర్లలో ఆ మాటలు పలికాయి. మూడో రకం లినక్స్ ఉన్న తొమ్మిదోది మాత్రం పలకలేదు. సాఫ్ట్‌వేరు వెళ్ళవలసిన నలభై ఒక్క బడుల్లో పదిహేడింటిలో ఉన్నవి సరిగ్గా అలాంటివే.

తొమ్మిది గంటలకు, పాఠాలను బడులకు పంపే విశాఖ కార్యాలయం నుంచి రాజకుమారి ఫోను చేసింది.

"యోనా గారూ, సీడీ ఒంటిగంట బస్సుకి పడాలండి. అన్నిరకాల్లో పలక్కపోతే కువి తీసేసి తెలుగొక్కటే పంపమన్నారు. నేనింక ఆపలేను."

"పలుకుతాదండి," అన్నాడు యోనా.

లినక్స్‌లో ధ్వని వ్యవస్థ మౌనంగా మేలుకుంటుందని అతనికి తెలుసు. ప్రతి దారినీ ఎవరో ఒకరు తెరవాలి. అతను అన్నీ తెరిచే ఉంచాడు. తెర మీద ధ్వని తరంగం లేస్తోంది, పడుతోంది. లోపమని చెప్పే సందేశం ఒక్కటీ లేదు. స్పీకర్లు మార్చాడు, తీగలు మార్చాడు. గదిలో జల్లు చప్పుడు తప్ప మరేమీ లేదు.

పదకొండింటికి సోములమ్మ చేటలో వెల్లుల్లిపాయలతో వచ్చి గుమ్మం దగ్గర కూర్చుంది. గొంతు ఇచ్చిన తరువాత ఆమె ఆ గదికి రావడం అదే మొదలు.

"ఏటి సేత్తన్నావురా? పొద్దున్నించీ ఆ పెట్టె కడుపు కోసుకుని కూకున్నావు."

"నీ గొంతు రావట్లేదు పిన్నీ."

"మింగేసిందేటి? నాలుగ్రోజులు నా సేత వాగించినావు! మళ్ళీ సెప్పమంటే నా వల్ల కాదు. ఇయ్యాలో రేపో పోయేదాన్ని."

"పదేళ్ళ నించీ అదే మాట."

అతను తెర మీద ధ్వని పట్టికలోని ఇరవై మూడు మీటలను ఒక్కొక్కటిగా పరీక్షిస్తున్నాడు. స్పీకరుకు బలమిచ్చే ఆంప్లిఫయరు మీట వచ్చింది. దాన్ని ఆపితే స్పీకరుకు ప్రాణం పోతుందని ఏ రేడియో మెకానిక్కయినా చెబుతాడు. అందుకే ఆపిన మరుక్షణమే మళ్ళీ వేసి, ముందుకు పోయాడు.

"అదిగో, పేలింది," అంది సోములమ్మ.

"ఏటి?"

"మంగలంలో సోడి గింజ పేలినట్టు, టప్పుమని. నీకినపడలేదా? మైకులోడివి!"

యోనా కీబోర్డు మీద నుంచి చెయ్యి తీశాడు. "నా సెవులు పోయాయి పిన్నీ. ఎవరితోనూ అనకు."

ఆమె చేట పక్కన పెట్టింది. "అయితే నువ్వు నొక్కు. నేనింటాను."

"ఇప్పుడు?"

"లేదు."

"ఇప్పుడు?"

"పేలింది."

ఆపినప్పుడు పేలుతోంది. వేసినప్పుడు లేదు. ఆంప్లిఫయరుకు కరెంటు అందిన క్షణాన స్పీకరు అలా పేలుతుందని షాపులో పదిహేనో ఏట నేర్చుకున్నాడు. అంటే ఈ కంప్యూటరు సౌండు కార్డులో ఆ మీట తలకిందులు. ఇన్నాళ్ళూ ఆ గొంతును మూసి ఉంచింది అతనికి తెలిసిన విద్యే. మీట ఆపి, ఏరు బొమ్మ మీద నొక్కాడు.

సోములమ్మ గొంతు గది నిండా పలికింది.

ఆమె లేచి నిలబడింది. ఒక చేత్తో నోరు మూసుకుంది, ఆ మాట తన నోటి నుంచి రావడం లేదని రూఢి చేసుకోవడానికి. రెండో మాటకు తల ఊపింది. మూడో మాటకు, అవతలి మనిషికి బదులిచ్చినట్టు, కువిలో తానూ ఏదో అంది. అతను నొక్కుతూనే ఉన్నాడు. ఇంత చిన్న మీట వెనక ఒక మనిషి ఇలా నిలబడి ఉండవచ్చునని, ముప్పై ఏళ్ళుగా ఇదే పనిలో ఉన్నా, అతను ఎన్నడూ అనుకోలేదు.

సాఫ్ట్‌వేరును కంప్యూటరులో ఎక్కించే స్థాపన స్క్రిప్టులో నాలుగు వాక్యాలు చేర్చాడు: ఈ కార్డు ఉంటే మీట తిప్పు, లేకపోతే తాకకు. మూడు ప్యాకేజీలూ మళ్ళీ కట్టి, మూడు రకాల్లోనూ ఎక్కించి, ఆర్పి, వెలిగించి చూశాడు. పన్నెండూ యాభైకి సీడీతో బయలుదేరి, వాలులో దాదాపు పరుగెత్తి, కండక్టరు చేతికి ఇచ్చాడు. తిరుగుదారిలో ఎత్తు ఎక్కడానికి నాలుగుసార్లు ఆగవలసి వచ్చింది.

"ఎక్కిందేటి బస్సు?" వంటశాల నుంచి అరిచింది సోములమ్మ.

"ఎక్కింది పిన్నీ. నీ గొంతుకి టిక్కెట్టు అడగలేదు."

అతను తొమ్మిదో కంప్యూటరు ముందు కూర్చుని, హెడ్‌ఫోను పెట్టుకుని, పాఠాలను మొదటి మాట నుంచి వరసగా పెట్టాడు. ఆమె టీ తెచ్చేసరికి తల గోడకు ఆనించి, కళ్ళు మూసుకుని ఉన్నాడు. రెండుసార్లు పిలిచింది. చెంప మీద చెయ్యి వేసి, ముక్కు దగ్గర వేలుంచి చూసి, తీసేసింది. తరువాత హెడ్‌ఫోను మెల్లగా తప్పించి తన చెవికి ఆనించుకుంది. తన గొంతే, చేపలన్నిటి పేర్లూ చెబుతోంది. దాన్ని ఎలా ఆపాలో ఆమెకు తెలియదు. అందుకని మాటలన్నీ అయిపోయేదాకా అక్కడే నిలబడి, తరువాత వెళ్ళి అందరినీ పిలిచింది.

కువి పాఠాలు నలభై ఒక్క బడులకూ చేరాయి. సోములమ్మ మరో పదకొండేళ్ళు బతికింది. 2015లో కొత్త లినక్స్‌ల కోసం ఆ సాఫ్ట్‌వేరును తిరగరాసినవారు పాతదంతా తీసేశారు గానీ, స్థాపన స్క్రిప్టులో యోనా రాసిన ఒక వ్యాఖ్యను ఉన్నదున్నట్టుగా ఉంచారు: "ఈ కార్డులో మీట తలకిందులు. కనిపెట్టింది సోములమ్మ, వంటశాల, అరకులోయ."