మూడు కాళ్ల పంతం

వంతెన స్తంభం పగిలిందని ఫొటోగ్రాఫర్ నిన్న తెచ్చిన ఫొటోలో పగులు గీత ఒకటికి రెండుగా కనిపించింది. "ఇది పగులా, నీ వణుకా?" అన్నాడు ఎడిటర్. వంతెన కట్టిన కాంట్రాక్టరు అది నీడేనన్నాడు. ఇవాళ గీత స్పష్టంగా రాకపోతే వార్త చెత్తబుట్టలోకే.

ఆమె మళ్లీ ఏటికి ఇవతలున్న అక్క ఇంటి డాబా ఎక్కింది. కాపలావాళ్లు వంతెన దగ్గరికి రానివ్వరు. దూరంనుంచి తీసే టెలిఫొటో లెన్సే దిక్కు. నిన్న మూడుకాళ్ల ట్రైపాడ్ కదలకూడదని దాని కొక్కేనికి సంచీ వేలాడదీసింది. గాలికి సంచీ ఊగింది, దాంతోపాటే కెమెరా. ఇవాళ సంచీ అడుగు నేలకు ఆనేలా కట్టింది. ట్రైపాడ్ మధ్య కడ్డీని పూర్తిగా దించింది. గాలికి కొట్టుకునే కెమెరా పట్టీ విప్పేసింది. లెన్స్ మీద ఇసుక మూట పెట్టింది.

"నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్లు కదా మరదలా. సరిపోయింది" అన్నాడు బావ.

"నువ్వు తిరక్కు బావా. నీ అడుగు పడితే కెమెరాలో స్తంభం గంతులేస్తోంది."

బావ కూర్చున్నాడు. కెమెరా తెరమీద పగులు నిలిచింది. అంతలో మెట్లు దడదడలాడాయి. కాంట్రాక్టరు మనిషి పైకొచ్చాడు, వెనకే అక్క.

"దిగమ్మా కిందికి. ఎవరిచ్చారు పర్మిషన్?"

"ఇల్లుగలదాన్ని, నేనిచ్చాను" అంది అక్క. "నిన్నెవరు రమ్మన్నారు?"

బావ లేచి అతనికి అడ్డం నిలబడ్డాడు.

"అక్కడే ఆగన్నా. అడుగేస్తే ఫొటో పాడవుతుంది" అంది ఆమె.

అనకుండా ఉండాల్సింది. అతను నవ్వి, కాలితో డాబాను దబదబా తన్నడం మొదలుపెట్టాడు. తెరమీద పగులు రెండైంది, మూడైంది.

ఆమె రిమోట్ పట్టుకుని పిట్టగోడకు చేరబడింది. "తన్నుకో. నీకు రెండు కాళ్లు, దీనికి మూడు. ఎవరివి ముందు నొప్పెడతాయో చూద్దాం."

అతను తన్నాడు. చొక్కా తడిసింది. కాలు మార్చి తన్నాడు. అక్క కుర్చీ తెచ్చి పక్కన వేసింది. "కూర్చుని తన్ను నాయనా."

అతని ఫోన్ మోగింది. తన్నుతూ వింటే మాట అందలేదు. రెండో చెవి మూసుకుని కదలకుండా నిలబడ్డాడు.

"సార్! ఒక్కటి కూడా తియ్యనివ్వలేదు సార్!"

ఆమె తెర చూసింది. వణుకు తగ్గింది, ఇంకా తగ్గింది, ఆగింది. కెమెరాను ముట్టుకోకుండా రిమోట్ నొక్కింది.

కెమెరా చప్పుడు విని అతను మళ్లీ తన్నాడు.

"ఇప్పుడు తన్ను" అంది ఆమె, ట్రైపాడ్ కాళ్లు మడుస్తూ. తెరమీద గీత ఒక్కటే ఉంది.